అవతలి చెవి కోసం హెడ్‌సెట్: రాయగడ లారీ ఆఫీసు కేస్ స్టడీ

ఫోన్ మాట్లాడ్డానికి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ కొనేవాళ్లలో చాలామంది తమ చెవితోనే పరీక్షించి కొంటారు. కొట్లో పెట్టుకుంటారు, ఫ్యాను చప్పుడు మాయమవుతుంది, బాగుందని డబ్బులిచ్చి వచ్చేస్తారు. నెల తిరక్కుండానే "అవతలోళ్లకి నా మాట వినబడ్డం లేదండీ" అంటూ ఫోన్ చేస్తారు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల చిన్న ఆఫీసులకు ఫోన్లు, వైఫై, సీసీ కెమెరాలు, హెడ్‌సెట్లు అమర్చడం నా పని. ఈ ఫిర్యాదు నా దగ్గరికి ఎన్ని రూపాల్లో వచ్చినా వేరు ఒకచోటే ఉంటుంది. ఆ వేరు బాగా కనబడిన కేసు ఒకటి ఇక్కడ మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. ఆఫీసు వాళ్లు రాసుకోమన్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు.

ఆఫీసు, ఫిర్యాదు

రాయగడ ఊరి చివర 326వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక లారీ ట్రాన్స్‌పోర్టు బుకింగ్ ఆఫీసు ఉంది. రేకుల షెడ్డు, ముందు షట్టరు, లోపల రెండు ఇనప టేబుళ్లు. జేకేపూర్ కాగితం, తెరుబలి ఫెర్రో ఎల్లాయ్, సీజన్లో వెదురు, జీడిపప్పు, ఏది దొరికితే దానికి లారీలు కుదురుస్తారు. నడిపేది అక్కా తమ్ముళ్లు. తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రాయపూర్ పార్టీలతో హిందీ. తమ్ముడు యార్డు చూసుకుంటాడు. అక్క పొద్దున్నుంచి రాత్రి దాకా రెండు ఫోన్ల మీద ఉంటుంది: ఒకటి పార్టీలకి, ఒకటి డ్రైవర్లకి.

నన్ను పిలిచేసరికే ఆవిడ దగ్గర కొత్త ఇయర్‌బడ్స్ ఉన్నాయి. డబ్బా మీద ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్) అని పెద్దక్షరాలు, పక్కనే ఇన్ని డెసిబెల్స్ (చప్పుడు బలానికి కొలత) అని ఓ అంకె. ఆవిడ చెప్పిన మాట ఇది: "బాబూ, ఇది పెట్టుకుంటే నా చెవిలో ఊరంతా సద్దుమణిగిపోతాది. అవతలోళ్లు మాత్రం, ఏటమ్మా, రోడ్డు మధ్యన నిలబడి మాట్లాడతన్నావా అని అడుగుతన్నారు. డబ్బులెట్టి కొన్నది నాకోసమా, ఆళ్ల కోసమా?"

ఆ చివరి ప్రశ్నను నేను చాలా గౌరవంగా తీసుకున్నాను. కాల్ కోసం కొనే హెడ్‌సెట్‌లో సగానికి పైగా అవతలివాళ్ల కోసమే కొంటున్నాం.

వినబడకపోతే నష్టమేమిటో కూడా ఆవిడే చెప్పింది. సరుకు పంపేవాళ్లు ఈ-వే బిల్లులో, అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్లో తీసే పత్రంలో, పార్ట్-బీ దగ్గర లారీ నంబరు ఎక్కించాలి. ఆ నంబరు ఈవిడ ఫోన్లోనే చెబుతుంది. ఒక్క అంకె తప్పు పడితే దారిలో తనిఖీ దగ్గర లారీ ఆగిపోతుంది, బిల్లు సరిచేసేదాకా డ్రైవరు రోడ్డు మీద పడిగాపులు. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అంటే, పెడుతుంది కూడా. కానీ బేరం కుదిరిన ఊపులో పార్టీ గుమస్తా ఫోన్లో విన్నది కాగితం మీద రాసేసుకుంటాడు. ఆ కాగితమే బిల్లు చేసే కుర్రాడి దగ్గరికి పోతుంది.

ఏ చప్పుడు, ఎక్కడినుంచి

మొదటి రోజంతా ఆవిడ టేబుల్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చప్పుడు అంటే ఒకటి కాదు. దేనికి ఏ మందు పనిచేస్తుందో తెలియాలంటే ముందు వాటిని విడదీయాలి.

ఇంజన్ స్టార్టింగులోనే ఉంచి నిలబెట్టిన లారీలు, కరెంటు పోయినప్పుడు జనరేటరు: ఇవి ఆగకుండా ఒకే తీరుగా వచ్చే లోతు హోరు. హారన్లు, బ్రేకు గాలి వదిలిన బుస్సు, షట్టరు మోత: ఇవి ఉన్నట్టుండి వచ్చి పోయేవి. టేబుల్ ముందు నిలబడి అడ్వాన్సు అడిగే డ్రైవర్లు, పక్క టేబుల్ మీద గుమస్తా ఫోను, టీ కొట్టు కబుర్లు: ఇవి మనుషుల గొంతులు. వాన పడితే రేకుల మీద మోత, అందులో అన్ని స్థాయిల శబ్దమూ కలిసే ఉంటుంది. చైత్రంలో మజ్జిగౌరమ్మ యాత్ర రోజుల్లో మైకులు సరేసరి.

వీటన్నిటికీ తోడు ఎవరూ లెక్కలోకి తీసుకోని చప్పుడు ఒకటుంది. ఆవిడ ఎదురుగా, మొహానికి సూటిగా తిప్పి పెట్టిన టేబుల్ ఫ్యాను. ఆ గాలి ఇయర్‌బడ్ మైకు రంధ్రం మీద కొట్టుకుంటూ ఉంటుంది. గది లోపల మనకి వినబడేది చిన్న రొద. మైకుకి మాత్రం అది పెనుగాలి. కొన్ని కాల్స్‌లో అవతలివాళ్లు "రోడ్డు మీదున్నావా" అన్నది లారీల గురించి కానే కాదు, ఈ ఫ్యాను గాలి గురించి. ఫ్యానుని ఆవిడ వెనక పక్కకి జరిపించాక ఇయర్‌బడ్స్‌తోనే తేడా తెలిసింది. పైసా ఖర్చు లేని మార్పు కాబట్టి ఎవరికైనా ముందు ఇదే చెబుతాను.

చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడి చప్పుడు దాదాపు 85 డెసిబెల్స్ ఉంటుందని వృత్తి ఆరోగ్యం చూసేవాళ్లు వాడే మోటు కొలత. ఆఫీసులో రద్దీ వేళ ఆ గీతకి దగ్గరగానే ఉండేది. యార్డులో జనరేటరు పక్కనైతే దాటిపోయేది.

ఏఎన్‌సీ చేసే పని, చేయని పని

ఏఎన్‌సీ పద్ధతి కొత్తది కాదు. శబ్ద తరంగానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి రెంటినీ రద్దు చేయొచ్చని జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్ పేరు మీద 1936లోనే అమెరికా పేటెంటు ఉంది. మనకి బాగా తెలిసిన పేరు బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్. 1978లో విమాన ప్రయాణంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లో ఇంజను హోరు తప్ప పాట వినబడక, ఆ సీట్లో కూర్చునే లెక్కలు వేసుకున్నాడు. 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. పుట్టుకలోనే దీని స్వభావం తెలిసిపోతోంది: ఇది ఇంజను హోరు కోసం పుట్టింది. ఆగకుండా వచ్చే లోతు శబ్దాన్ని బాగా అణుస్తుంది. శబ్దం సుమారు వెయ్యి హెర్ట్జ్ (సెకనుకి వెయ్యి కంపనాలు) దాటితే, అంటే కీచుగా మారేకొద్దీ, దీని బలం తగ్గిపోతుంది. హారన్, మనిషి గొంతు, షట్టరు మోత లాంటివాటిని ఆపేది చెవిని గట్టిగా మూసే రబ్బరు తొడుగో, మెత్తటి కుషనో. డబ్బా మీద వేసే డెసిబెల్ అంకె మామూలుగా ఏదో ఒక స్థాయి శబ్దం దగ్గర వచ్చిన అత్యధిక తగ్గింపు. రోజంతా, అన్ని శబ్దాలకీ అంత తగ్గుతుందని కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఏఎన్‌సీ పనిచేసేది పెట్టుకున్నవాళ్ల చెవిలో. మన తల మీద గొడుగు పట్టుకుంటే అవతలివాడు తడవకుండా ఉండడు. మన మాటతో కలిసి అవతలికి వెళ్లే చప్పుడుని తగ్గించే పని మైకుది, మైకు వెనకుండే సాఫ్ట్‌వేర్‌ది. మన బజారు డబ్బాల మీద దాన్ని ఈఎన్‌సీ (ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్) అని రాస్తారు. రెండు పేర్లలోనూ ఎన్‌సీ ఉండేసరికి కొనేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తుంది. అమ్మే కుర్రాళ్లలోనూ చాలామందికి తేడా తెలియదు. ఆవిడ కొన్న ఇయర్‌బడ్స్ చెడ్డవి కావు. బస్సులో పాటలు వినేవాళ్లకి బంగారంలా ఉంటాయి. ఆవిడ పనికి మాత్రం అవి సరిపడవు.

ఇంకో చిక్కు ఉంది. చప్పుడులో ఉన్న మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లో దీన్ని రాశాడు, ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. ఏఎన్‌సీ పెట్టుకుంటే చప్పుడు వినబడదు, అందువల్ల గొంతు తగ్గుతుంది. చుట్టూ హోరు ఉన్నంతే ఉంటుంది, మాట బలం తగ్గిపోతుంది, మైకుకి పని ఇంకా కష్టమవుతుంది. ఆవిడ విషయంలో జరిగింది ఇదే: ఇయర్‌బడ్స్ పెట్టుకున్నాక నెమ్మదిగా, హాయిగా మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆ హాయి అవతలికి చేరలేదు.

పరీక్ష పెట్టిన తీరు

నేను ఏ హెడ్‌సెట్‌నైనా అవతలి చివరనుంచే పరీక్షిస్తాను. పార్వతీపురంలో మా దగ్గర పనిచేసే కుర్రాడున్నాడు. వాడి చేతికి పెన్ను, కాగితం. ఇక్కడ ఆవిడ చేతికి నేను రాసిచ్చిన లారీ నంబర్ల చీటీ. రాయగడ బళ్లు ఓడీ 18 తో మొదలవుతాయి, కాబట్టి అది అందరికీ తెలిసిందే. చివరి నాలుగు అంకెలు మాత్రం కావాలనే చిక్కువి వేశాను. ఒడియాలో ఏడుకి సాతొ, ఎనిమిదికి ఆఠొ. హిందీలో సాత్, ఆఠ్, మళ్లీ అరవైకి సాఠ్. తెలుగులో ఇరవై, అరవై. తెలుగు, ఒడియా, హిందీ మూడింట్లోనూ ఆవిడ మామూలుగా చెప్పే వేగంతోనే చెప్పాలి. అవతల వాడు "మళ్లీ చెప్పండి" అనకూడదు, విన్నది విన్నట్టు రాసేయాలి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడమే.

వేళ కూడా ముఖ్యం. మధ్యాహ్నం భోజనాల వేళ పరీక్షిస్తే ఏ హెడ్‌సెట్ అయినా పాసవుతుంది. సాయంత్రం లారీలు బయల్దేరే గంటలో, షట్టరు పూర్తిగా ఎత్తి ఉంచి, గుమస్తాని పక్కనే తన ఫోన్లో మాట్లాడుతూ ఉండమని చెప్పి చేశాం. అన్ని రకాలకీ అదే వేళ, అదే కుర్చీ, అవే ఫోన్లు.

ఇయర్‌బడ్స్ దగ్గర కుర్రాడి కాగితం నిండా తప్పులు. ముఖ్యంగా సాతొ, ఆఠొ తారుమారు. పక్క గుమస్తా చెప్పిన అంకె ఒకటి ఈవిడ నంబరులో కలిసిపోయింది కూడా. మెడలో వేసుకునే నెక్‌బ్యాండ్ కొంచెం నయమనిపించింది కానీ, పైట అంచు మైకుకి రాసుకున్నప్పుడల్లా గరగరలాడింది. ఖరీదైన పెద్ద హెడ్‌ఫోను ఒకటి, చెవులు రెండూ పూర్తిగా కప్పేది, మైకు కాడ లేనిది, నా దగ్గరున్నదే తెచ్చాను. ఆవిడ చెవికి స్వర్గంలా ఉందంది. అవతలి కాగితం ఇయర్‌బడ్స్ కంటే మెరుగే. కానీ హోరు ఎక్కువైనప్పుడల్లా సాఫ్ట్‌వేరు మాట మొదటి అక్షరాన్ని మింగేసింది. "అరవై" వెళ్లి "రవై"గా చేరితే అది ఇరవయ్యో అరవయ్యో ఎవరు చెప్పగలరు?

తర్వాత నోటి దగ్గరికి కాడ ఉండే ఒంటిచెవి హెడ్‌సెట్లు. చెవి వెనక కొక్కెంలా తగిలించుకునే పొట్టి కాడది ఒకటి, తల మీద బ్యాండు, నోటి మూల దాకా వచ్చే పొడుగు కాడది ఒకటి. ఈ రెంటి దగ్గరా కుర్రాడి కాగితం ఒక్కసారిగా శుభ్రపడింది. పొడుగు కాడతో తప్పు దొరకడమే కష్టమైంది.

నోటికి ఎంత దగ్గరైతే అంత

ఇందులో మాయ ఏమీ లేదు. ఇయర్‌బడ్ మైకు నోటికి సుమారు 12 సెంటీమీటర్ల దూరంలో చెవి దగ్గర ఉంటుంది. పొడుగు కాడ మైకు నోటి మూలకి 3 సెంటీమీటర్లలో ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ మాట మైకుకి 6 డెసిబెల్స్ ఎక్కువ బలంగా అందుతుంది. 12 నుంచి 6కి ఒకసారి, 6 నుంచి 3కి ఇంకోసారి: మొత్తం 12 డెసిబెల్స్. దూరంగా రోడ్డు మీదున్న లారీ చప్పుడు మాత్రం ఆ తొమ్మిది సెంటీమీటర్ల తేడాకి పెరగదు, తగ్గదు. అంటే సాఫ్ట్‌వేరు ఏమీ చేయకముందే, కేవలం మైకు ఉన్న చోటు వల్లే, మాటకీ చప్పుడుకీ మధ్య 12 డెసిబెల్స్ ఎడం వచ్చేసింది.

దీనికి తోడు మంచి కాడ మైకుల్లో గాలి వెళ్లే దారులు రెండు ఉంటాయి, ముందొకటి, వెనకొకటి. దూరపు శబ్దం రెండు వైపులనుంచీ దాదాపు సమానంగా వచ్చి తనని తానే రద్దు చేసుకుంటుంది. దగ్గరున్న నోటి మాట ముందువైపే బలంగా తగులుతుంది. మరికొన్నిట్లో రెండు, మూడు, నాలుగు మైకులు పెట్టి, నోటి దిక్కునుంచి వచ్చేదాన్ని ఏరుకుంటారు. ఇయర్‌బడ్స్‌లోనూ ఈ ఏరుకునే పద్ధతి ఉంది. కానీ మైకుల మధ్య ఎడం తక్కువ, నోటికి దూరం ఎక్కువ, దాంతో సాఫ్ట్‌వేరు మీద బరువంతా పడుతుంది. ఒకే తీరు హోరుని అది బాగానే తీసేస్తుంది. పక్క మనిషి గొంతుని తీసేయాలంటే ఎవరి గొంతు మనదో దానికి తెలియాలి కదా. గుమస్తా అంకె కలిసిపోయింది అక్కడే.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ముందు కాడ ఉందా లేదా చూడమంటాను. కాడ బాగోదు, టెలిఫోన్ ఆపరేటర్లా ఉంటుంది అని మొహమాటపడేవాళ్లున్నారు. రోజుకి పదినిమిషాలు మాట్లాడేవాళ్లకి ఆ మొహమాటం న్యాయమే. అన్నం పెట్టేదే ఫోన్ అయినవాళ్లు దాన్ని పక్కన పెట్టాలి. 1969లో చంద్రుడి మీదనుంచి వచ్చిన మాట కూడా నోటి దగ్గర మైకు ఉన్న హెడ్‌సెట్‌లోంచే వచ్చింది.

కమ్మలు, కళ్లజోడు, కొప్పు

కాగితం మీద గెలిచినది తల మీద గెలవాలని లేదు. ఇక్కడే మాకు ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా.

చెవి కొక్కెం రకం తేలిక. పాలీ వాయేజర్ 5200 లాంటివి 20 గ్రాములే ఉంటాయి. కానీ ఆవిడ లెక్కలు చూసేటప్పుడు కళ్లజోడు పెట్టుకుంటుంది, తీస్తుంది, మళ్లీ పెట్టుకుంటుంది. కొక్కెం, జోడు కాడ చెవి వెనక ఒకే చోటు కోసం పోట్లాడుకుంటాయి. జోడు తీసిన ప్రతిసారీ హెడ్‌సెట్ ఊడి వచ్చేది. పైగా ఆ రకంలో మాట్లాడే సమయం ఏడు గంటలంటారు. ఆవిడ రోజు అంతకంటే పెద్దది.

బ్యాండు రకంలో వేరే బాధ. చెవి మీద కూర్చునే కుషను కమ్మని నొక్కుతుంది. కమ్మ వెనకాల మర చెవి వెనక చర్మంలోకి గుచ్చుకుంటుంది. మొదటిరోజు సాయంత్రానికే చెవి తమ్మె ఎర్రగా కంది కనబడింది. కమ్మలు తీసి పని చేయమని ఆవిడకి చెప్పడం నాకు ఇష్టం లేదు, ఆవిడా ఒప్పుకోదు. బ్యాండు ఒక గీత తగ్గించి, కుషను చెవి గుంట మీదే ఆని, తమ్మె కింద ఖాళీగా ఉండేలా పైకి జరిపాం. రెక్సిను కుషను తీసి స్పాంజి కుషను వేశాం. చెమట కూడా తగ్గింది. బ్యాండు రెండో కొస కొప్పు ముందునుంచి వెళ్లి ఎడమ చెవి పైన ఆనేలా సర్దుకుంది. ఇవి ఏ డబ్బా మీదా రాసి ఉండవు. కొనేముందు మీ కమ్మలతో, మీ జోడుతో, మీ జడతో ఓ గంటసేపు పెట్టుకుని చూడాల్సిందే.

రెండు చెవులూ కప్పేది ఎందుకు వద్దన్నానంటే, ఆవిడ టేబుల్ ముందు మనుషులుంటారు. డ్రైవరు వచ్చి "అమ్మా" అని పిలిస్తే వినబడాలి. ఒక చెవి ఫోనుకి, ఒక చెవి ఆఫీసుకి. ఒంటిచెవి దాంట్లో ఏఎన్‌సీ లేకపోయినా ఆవిడకి లోటు అనిపించలేదు, ఎందుకంటే ఆవిడ అసలు సమస్య తన చెవిలో లేదు. వాల్యూమ్ మాత్రం సగం దాటనివ్వొద్దన్నాను. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. రోజంతా ఫోన్ మీద ఉండేవాళ్లకి ఆ 40 గంటలు వారం తిరక్కుండానే అయిపోతాయి.

హెడ్‌సెట్ తప్పు కానివి

కొన్ని కాల్స్ మాత్రం పొడుగు కాడతో కూడా బావి లోపలినుంచి వచ్చినట్టే ఉండేవి. అవి ఎప్పుడూ లక్ష్మీపూర్ ఘాటీ వైపున్న డ్రైవర్లవే. అది నెట్‌వర్క్ సంగతి. పాత పద్ధతి నారోబ్యాండ్ కాల్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. "స" శబ్దం బలమంతా 4,000 పైన ఉంటుంది. సాతొలో స పోతే మిగిలేది ఆతొ, అది ఆఠొకి ఎంత దగ్గరో వినండి. 4జీ మీద నడిచే వోల్టీ కాల్ అయితే వైడ్‌బ్యాండ్‌లో 7,000 దాకా మోస్తుంది, స బతుకుతుంది. కానీ రెండు కొసలూ, మధ్య దారీ వైడ్‌బ్యాండ్ అయితేనే. కొండల్లో డ్రైవరు ఫోను 2జీకి పడిపోతే ఇక్కడ ఎంత ఖరీదైన హెడ్‌సెట్ ఉన్నా లాభం లేదు. ఆఫీసు వైపు చేయగలిగింది చేశాం: రెండు ఫోన్లలోనూ వోల్టీ ఆన్ చేశాం, రేకుల షెడ్డులో సిగ్నల్ తగ్గే మూలకి వైఫై కాలింగ్ పెట్టాం.

బ్లూటూత్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. పాట వినేటప్పుడు హెడ్‌సెట్ ఏ2డీపీ అనే పద్ధతిలో నడుస్తుంది, అది ఒకవైపు దారి. కాల్ రాగానే రెండువైపులా మాట నడిచే హెచ్‌ఎఫ్‌పీకి మారుతుంది. అందులో మాటని కుదించి పంపే పాత కోడెక్ సీవీఎస్‌డీది 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అంటే నారోబ్యాండ్; 2011లో వచ్చిన హెచ్‌ఎఫ్‌పీ 1.6 తెచ్చిన ఎంఎస్‌బీసీది 16 కిలోహెర్ట్జ్, అంటే వైడ్‌బ్యాండ్. డబ్బా మీద ఎల్‌డీఏసీ అనీ, హై-రెస్ అనీ ఎన్ని రాసినా అవి పాటల కోసమే. కాల్ కోసం కొనేవాళ్లు "వైడ్‌బ్యాండ్" లేదా "హెచ్‌డీ వాయిస్" ఉందా అని చూడాలి. మైకు చప్పుడునంతా తీసేసినా, ఇక్కడ నారోబ్యాండ్ అయితే స ఇక్కడే చచ్చిపోతుంది.

మాట మధ్యలో తెగుతోందన్న ఫిర్యాదు ఒకటి మిగిలింది. ఆవిడ రెండో ఫోను ఇనప టేబుల్ సొరుగులో పెట్టి మూసేసేది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, ఇనుము దాన్ని దాటనివ్వదు, మనిషి ఒళ్లు కూడా చాలావరకు మింగేస్తుంది. ఫోన్లు రెండూ టేబుల్ మీద, హెడ్‌సెట్ పెట్టుకున్న చెవి వైపే ఉంచమన్నాను. తెగడం ఆగింది.

ఎంచినది, అమర్చినది

చివరికి తీసుకున్నది: తల బ్యాండు, ఒంటిచెవి, పొడుగు కాడ, రెండు ఫోన్లకి ఒకేసారి కలిసే మల్టీపాయింట్, వైడ్‌బ్యాండ్, కాడ పైకెత్తితే మ్యూట్ అయ్యేది. లారీవాళ్ల హెడ్‌సెట్‌గా పేరుపడ్డ బ్లూప్యారట్ రకం అన్నమాట. ఆ కుటుంబంలో ఏ కంపెనీదైనా ఈ లక్షణాలు చూసుకుంటే చాలు. ధర ఇయర్‌బడ్స్ కంటే చాలా ఎక్కువే. ఆవిడ ఆగిపోయిన లారీల ఖర్చుతో పోల్చుకుని "ఇచ్చేద్దాం" అంది. బ్యాటరీ గంటలు చూసేటప్పుడు టాక్ టైమ్ అని విడిగా రాసి ఉన్నదే చూడాలి. పాటల గంటలు, అందులోనూ ఏఎన్‌సీ ఆపి ఉంచిన గంటలు, మాటకి వర్తించవు.

కాడ సర్దడం అందరూ తప్పుతారు. మైకు నోటికి సూటిగా ముందు ఉంటే "ప", "ఫ", "భ" అన్నప్పుడల్లా ఊపిరి తగిలి ఢబ్ ఢబ్ మంటుంది. నోటి మూలకి పక్కగా, చూపుడువేలు, నడివేలు కలిపి పట్టేంత ఎడంలో ఉండాలి. దాని మీద నురగ తొడుగు తప్పనిసరి. ఈ తొడుగులు మన దుమ్ముకి, చెమటకి తొందరగా పాడవుతాయి, అరడజను తెచ్చి సొరుగులో వేయించాను. మైకు రంధ్రంలో దుమ్ము మూసుకుపోతే అన్ని లెక్కలూ వృథా.

తమ్ముడికి ఏది?

అక్కది చూసి తమ్ముడూ అదే అడిగాడు. వద్దన్నాను. యార్డులో అతని పని జనరేటరు పక్కన. అక్కడ హోరు ఒకే తీరుది, లోతుది, చెవిని పాడు చేసేది. అతనికి అవతలివాళ్లతో పాటు తన చెవి కూడా సమస్యే. కాబట్టి అతనికి రెండు చెవులూ నిండా కప్పే కుషను, ఏఎన్‌సీ, దానికి కాడ మైకు, మూడూ ఉన్నది తీసుకున్నాం. ఏఎన్‌సీకి నిజంగా తగిన చోటు అదే. తన గొంతు తనకి కొంచెం వినిపించే సైడ్‌టోన్ ఆన్ చేశాం, లేకపోతే చెవులు మూసుకున్న మనిషి తన గొంతు ఎంత పైకి పోతోందో తెలియక అరుస్తాడు, లేదా గొణుగుతాడు. షరతు ఒకటి పెట్టాను: లారీ వెనక్కి తిప్పేటప్పుడు, లోడింగు దగ్గర నిలబడ్డప్పుడు హెడ్‌సెట్ మెడలో ఉండాలి, చెవుల మీద కాదు. వెనక్కొచ్చే బండి బీప్ వినబడకపోతే ప్రాణం మీదికొస్తుంది.

డ్రైవర్లు కూడా మాకూ ఇప్పించమని అడిగారు. వాళ్లకి కొనివ్వడం కంటే ఆవిడ తన పద్ధతి మార్చుకోవడం మేలని చెప్పాను. నడుస్తున్న బండిలో ఉన్న మనిషికి కాల్ చేయొద్దు. వాయిస్ మెసేజ్ పెట్టాలి, అతను ధాబా దగ్గర ఆగినప్పుడు తిరిగి చేస్తాడు. ఘాటీ మలుపుల్లో చేతులు ఖాళీగా ఉండటం ఒక్కటే చాలదు, మనసు కూడా రోడ్డు మీదే ఉండాలి. ఈ విషయంలో నేను బతిమాలినంత పని చేశాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది, టేబుల్ ముందు గోడ మీద ఒడియాలో, తెలుగులో రాసి అంటించింది.

తర్వాత

వానాకాలం అయ్యాక మళ్లీ వెళ్లి అదే వేళకి, అదే చీటీతో పరీక్ష పెట్టాను. పార్వతీపురం కాగితం ఇంకా శుభ్రంగానే ఉంది. గుమస్తా చెప్పినదాని ప్రకారం "మళ్లీ చెప్పండి మేడమ్" అనే మాట రాయపూర్ నుంచి బాగా తగ్గింది. పార్టీలే ఆఫీసు మార్చారా అని అడిగారట. నంబర్లు అంకె అంకెగా, నెమ్మదిగా చెప్పి, అవతలివాళ్ల చేత తిరిగి చదివించుకోవడం ఆవిడ అలవాటు చేసుకుంది. హెడ్‌సెట్ బాగుందని ఆ అలవాటు మానొద్దని చెప్పి వచ్చాను. బ్యాటరీ కొంచెం తగ్గినట్టుంది. రేకుల కింద ఎండలో వదిలేసిన రోజులున్నాయట, లిథియం బ్యాటరీకి వేడి పడదు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి చార్జింగ్ పెట్టమన్నాను.

రేకుల మీద వాన మోతకి మాత్రం ఈ హెడ్‌సెట్ సగం పనే చేసింది. జోరువానలో అవతలివాళ్లకి మాట అర్థమవుతోంది కానీ, ఆవిడకి వాళ్ల మాట అందక వాల్యూమ్ పెంచేస్తోంది, నేను వద్దన్నది అదే. దానికి ఇంకో హెడ్‌సెట్ కొనిపించడం నాకు ఇష్టం లేదు. రేకుల కింద సీలింగ్ వేయించమన్నాను. కొలతలు తీసుకున్నాం, వడ్రంగి వచ్చే వారం వస్తానన్నాడు.